వంటగట్టు కొలిచారా?

ప్రశ్న: 2025 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వీన్‌లో అద్దెకు దిగాం. 52 చదరపు మీటర్ల ఫ్లాటు, సర్వీసు ఖర్చులు కాక నెలకు 1,450 యూరోలు. మూడు నెలలైంది. పక్కింటివాళ్ళు ‘పాయింట్లు లెక్క వేయించుకోండి’ అంటున్నారు. ఓనరుతో గొడవపడితే వీసాకు ఇబ్బందేమోనని మావారి భయం.

సమాధానం: పక్కింటివాళ్ళ మాటే వినండమ్మా. అక్కడ చాలా ఇళ్ళకు అద్దెను పాయింట్లే తేలుస్తాయి. గదులకు చదరపు మీటరుకు ఒక పాయింటు, స్టోర్‌రూమ్ లాంటి వాటికి ముప్పావు. ఎనర్జీ లేబుల్, స్నానాలగది, మునిసిపాలిటీ కట్టే ఇంటి విలువ అన్నీ లెక్కలోకి వస్తాయి. బాల్కనీ గానీ పెరడు గానీ లేకపోతే 5 పాయింట్లు కోత.

ఈ రాత్రే టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళండి. గట్టు పొడవు మీటరు లోపైతే సున్నా, రెండు మీటర్ల లోపైతే 4, రెండు మీటర్లు ఉంటే 7. ఒక్క జానెడు తేడాతో 3 పాయింట్లు పోతాయి, అందుకే ఓనరు చెప్పిన కొలత నమ్మొద్దు.

మొత్తం 186 దాటకపోతే, 2025 పట్టిక ప్రకారం ఖర్చులు కలపని అద్దె 1,184.82 యూరోలు మించకూడదు. 143 దాటకపోతే 900.07. రక్షిత కట్టడాలకు, సరికొత్త భవనాలకు కొంత అదనం ఉంటుంది. 187 వస్తే మాత్రం ఈ పరిమితి వర్తించదు. కాబట్టి ముందు లెక్క, తర్వాతే ఫిర్యాదు.

2025 జనవరి 1 నుంచి కొత్త ఒప్పందంతో పాటు పాయింట్ల పట్టిక ఇవ్వాల్సింది ఓనరే. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. దిగిన ఆరు నెలల్లోపు ‘హూర్‌కొమిసీ’ అనే అద్దెల సంస్థకు దరఖాస్తు పెడితే, తగ్గింపు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. రుసుము 25 యూరోలు. తీర్పు మీవైపు వస్తే అదీ తిరిగి ఇస్తారు. మీ ఇల్లు 186 లోపు తేలితే, అదనాలేవీ లేకుంటే నెలకు కనీసం 265 యూరోలు ఎక్కువ కడుతున్నట్టే. కొత్త దేశంలో ఇల్లు దొరకడమే మహాభాగ్యమని మనవాళ్ళు సంతకం పెట్టేసి, గడువు దాటాక ఉత్తరం రాస్తుంటే నాకు బాధేస్తుంది. మీకింకా మూడు నెలలున్నాయి.

వీసా సంగతి: మీ నివాస అనుమతిలో ఇంటి ఓనరుకు ఏ పాత్రా లేదు. పాయింట్లు అడిగారని ఖాళీ చేయించడమూ కుదరదు.

ప్రశ్న: ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నాను. కరెంటు, ఫర్నిచర్ అన్నీ కలిపి 1,200 యూరోలు తీసుకుంటున్నారు. ఏది ఎంతో చెప్పరు.

సమాధానం: అలా చెప్పకపోవడమే వాళ్ళకు చేటు. విడగొట్టి చెప్పమని ఓనరుకు ముందు ఉత్తరం రాయండి. ఒప్పుకోకపోతే హూర్‌కొమిసీ మొత్తంలో 55 శాతాన్ని అద్దెగా, 25 శాతాన్ని ఖర్చుల అడ్వాన్సుగా ఖరారు చేయగలదు. మీ విషయంలో 660, 300. రాసిన ఉత్తరం నకలు, తేదీతో సహా దాచుకోండి.