ఆ ‘టు’ తర్వాత ఏం రాస్తున్నారు?

పదకొండేళ్లపాటు నా ప్రతి ఉత్తరం చివరా ఒకే తప్పు రాశాను: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’. డిగ్రీలో ఎవరో సీనియర్ దరఖాస్తు చూసి ఎక్కించుకున్న వాక్యం అది. ఓ రోజు మా మేనేజర్ గారు నా మెయిల్ ప్రింటు తీసి, ‘హియర్’ పక్కన ఎర్ర పెన్నుతో ఐ, ఎన్, జి అని మూడక్షరాలు చేర్చి, ఏమీ అనకుండా నా బల్ల మీద పెట్టి వెళ్లారు. తిట్టినా బాగుండేది.

‘ఐ వాంట్ టు హియర్’లో టు క్రియతో జట్టు కట్టేది. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో టు అది కాదు, మన ‘కోసం’ లాంటిది. ‘మీ జవాబు కోసం’ అంటాం, ‘మీరు రావడం కోసం’ అంటాం. ‘వచ్చు కోసం’ అని ఎవరైనా అంటారా? మన ‘డం’ చేసే పనే అక్కడ ‘ఇంగ్’ చేస్తుంది. అందుకే ‘లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్’. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం రెండుసార్లు తిరగేసినా బుర్రకెక్కనిది నాకు తెలుగులోంచి ఎక్కింది. అనుమానమొస్తే టు తర్వాత ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది కాబట్టి ఇంగ్ రావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’ కుదరదు.

తెలిసింది కదా అని మురిసిపోకండి. తెలిసిన మర్నాడే నేను మళ్లీ ‘హియర్’ అనే రాశాను! తిరిగి చూడనిది ఎంత తొందరగా మరిచిపోతామో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే చెప్పాడు. నన్ను గట్టెక్కించింది మాత్రం ఓ రూళ్ల నోట్‌బుక్. రాత్రి భోజనమయ్యాక ఒక్క మాట తీసుకుని మూడు వాక్యాలు రాస్తాను. సొంతవి రాయాలి, గైడులోవి కాదు. ‘లుక్ ఫార్వర్డ్ టు’కైతే అమ్మాయి సంక్రాంతికి రావడం, కొత్త ఇంట్లో దిగడం, పాత స్నేహితుణ్ణి కలవడం, ఇలా నిజంగా ఎదురుచూస్తున్నవే. మర్నాడు పుస్తకం మూసి అవే మళ్లీ రాస్తాను, వారం పోయాక ఇంకోసారి. ఫోన్‌లో టైపు చేస్తే నాకు నిలవలేదు, చేత్తో రాస్తేనే నిలిచింది. టైమ్ లేదంటారా? రీల్స్‌కి ఎక్కణ్ణుంచి వస్తోందండీ?

ఇలాంటి మిగతా తప్పులు గబగబా చెప్పేస్తాను. ‘డిస్కస్ అబౌట్’లో అబౌట్ తీసెయ్యండి. ‘రిటర్న్ బ్యాక్’లో బ్యాక్, ‘కోప్ అప్ విత్’లో అప్ కూడా. పంపేముందు ఓసారి పైకి చదువుకోండి.

పోయిన నెల కూడా నా వేళ్లు ‘హియర్’ అనే కొట్టాయి, పంపేముందు పట్టుకున్నాను. సిగ్గుపడాల్సిందేం లేదు, పదకొండేళ్ల అలవాటు. మీరూ ఇవాళే మీ సెంట్ మెయిల్స్ తెరిచి ‘ఫార్వర్డ్ టు’ అని వెతకండి.