పునాది

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నది మన పెద్దల సామెత. గృహనిర్మాణానికి పూనుకొన్నవారు గోడల రంగుకంటె ముందుగా నేల స్వభావాన్ని తెలుసుకోవాలి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాలలో విస్తారంగా ఉన్న నల్లరేగడి నేల వానలకు నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఎండలకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. ఆ కదలికకు లోతులేని పునాది నిలువలేదు, గోడలు బీటలువారతాయి. కనుక మట్టిపరీక్ష చేయించి, ఇంజనీరు సలహాతో పునాదిని నిర్ణయించుకోవాలి.

రెండవ సమస్య నీరు. పని సులువు కావాలని కాంక్రీటులో నీరు ఎక్కువ కలిపితే దాని బలం తగ్గుతుంది. పోసిన పిమ్మట మాత్రం సాధారణ సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరనీయరాదు. ఈ పనిని మేస్త్రికి వదలక యజమాని స్వయంగా చూచుకోవాలి.

మూడవది ధనం. చేతిలోని సొమ్ము చాలనప్పుడు దేనిని వాయిదా వేయాలి? రంగులు, అలమరలు, పాలరాతి పలకలు తరువాతనైనా సమకూర్చుకోవచ్చు. పునాదిలోని ఇనుమును, సిమెంటును తగ్గిస్తే ఆ లోపాన్ని సరిదిద్దడం మిక్కిలి కష్టం. గృహప్రవేశానికి వచ్చిన బంధువులు పునాదిని చూడరు, మెచ్చుకోరు. అయినా ఆ ఇంటి పిల్లలు ప్రతి రాత్రి దానిని నమ్మియే నిద్రిస్తారు.