నాలుగు శాతం: మతానికా, వెనుకబాటుకా?

ఎన్నికలొస్తే చాలు, ముస్లిం రిజర్వేషన్ ఉంచుతామని ఒకరు, తీసేస్తామని ఇంకొకరు అంటుంటారు. ఆ మాటలు విని మన కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు ప్రాంతాల్లో పిల్లల్ని పైచదువులకు పంపే తల్లిదండ్రులు కంగారుపడుతున్నారు. అందుకే ఈ సంచికలో చట్టం ఏమంటున్నదో క్లుప్తంగా వివరిస్తున్నాం.

రాజ్యాంగంలోని 15, 16 అధికరణలు కేవలం మతం కారణంగా వివక్ష చూపరాదంటాయి. వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చనీ ఆ అధికరణలే అంటాయి. కనుక కోర్టు అడిగేది "వీరు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడ్డారా? రుజువేది?" అని. దూదేకుల వారు బీసీ-బీలోనూ, మెహతర్లు బీసీ-ఏలోనూ ఎంతో కాలంగా ఉన్నది ఈ లెక్కనే.

2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ముస్లిములందరికీ 5 శాతం ఇచ్చింది. బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 అప్పటికే ఉన్నాయి. అన్నీ కలిపితే 51. సుప్రీంకోర్టు 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో పెట్టిన 50 శాతం హద్దు దాటింది. బీసీ కమిషన్‌ను సంప్రదించనూ లేదు. హైకోర్టు కొట్టివేసింది. 2005 నాటి చట్టానికీ అదే గతి పట్టింది. కమిషన్ అధ్యయనం సరిగా లేదన్నది అప్పటి అభ్యంతరం.

2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా బీసీ-ఈ ఏర్పడింది. షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్, అత్తరు సాయిబులు వంటి వర్గాలకు 4 శాతం ఇచ్చారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారిని మినహాయించారు. దీన్ని కూడా 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5:2 మెజారిటీతో రద్దు చేసింది. అయితే మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, 14 వర్గాలకు కొనసాగించమన్నది. కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. నేటికీ మన పిల్లల సీట్లు ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలోనే ఉన్నాయి.

దీన్నిబట్టి మనం నేర్చుకోవలసింది ఒక్కటే. మూడుసార్లూ కోర్టులో వాదం వచ్చి ఆగింది లెక్కల దగ్గర, అధ్యయనం దగ్గర. వేదిక మీది హామీ కోర్టులో సాక్ష్యం కాదు.

కాబట్టి పెద్దలకు మా మనవి. పిల్లల స్కూలు రికార్డులో, కుల ధ్రువీకరణ పత్రంలో వర్గం పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి. బీసీ-ఈ సర్టిఫికెట్ కోసం కౌన్సెలింగ్ తేదీ దాకా ఆగకండి. బీసీ-ఈలో లేని సయ్యద్, పఠాన్ కుటుంబాల్లోని పేదలు, అర్హత ఉంటే, 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ 10 శాతం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. రాబోయే జనగణనలో కులాల వివరాలు కూడా సేకరిస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. లెక్కలు రాసేవారు గుమ్మంలోకి వచ్చినప్పుడు "సాయిబులం" అని ఊరుకోక, మీ వర్గం, చదువు, వృత్తి ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. రేపు కోర్టు రుజువేదని అడిగితే చూపవలసింది ఇలాంటి లెక్కలనే.