వరిమడి నీటికింద నత్రజని

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, తాపీనది కుడిగట్టున అడాజన్ అనే పేట ఉన్నది. ఒకప్పటి ఈ గ్రామం నేడు ఇళ్లతో, అంగళ్లతో నిండిన నగరభాగం. ఇక్కడినుండి సముద్రం వైపు సాగితే హజీరా వస్తుంది. అక్కడ సహకార రంగానికి చెందిన క్రిభ్‌కో కర్మాగారంలో 1986 నుండి యూరియా తయారవుతున్నది. అడాజన్‌కు ఉత్తరాన ఓల్పాడ్ తాలూకాలో కాక్రాపార్ కాలువల నీటితో వరి పండుతుంది. కర్మాగారానికీ పొలానికీ నడుమ దూరం కొద్దిపాటిదే. మడిలో పడిన యూరియా వరివేరును చేరడానికి దాటవలసిన కొద్ది అంగుళాలలోనే అసలు చిక్కు ఉన్నది. సూరత్ రైతుకైనా, గోదావరి డెల్టా రైతుకైనా ఈ చిక్కు ఒక్కటే.

మడిలో నీరు నిలిపి దమ్ము చేసిన తరువాత నేలలోని ప్రాణవాయువును సూక్ష్మజీవులు కొద్ది రోజులలోనే వాడివేస్తాయి. గాలిలో కంటె నీటిలో ఈ వాయువు సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. కనుక తరిగినది తిరిగి భర్తీ కాదు. ఫలితంగా మడి రెండు పొరలుగా ఏర్పడుతుంది. పైన కొద్ది మిల్లీమీటర్ల మందాన ప్రాణవాయువు గల గోధుమరంగు పొర; దాని అడుగున ఆ వాయువు లేని బూడిదరంగు బురద.

నేలలోని నత్రజనిలో అధికభాగం కుళ్లిన ఆకులు, వేళ్లు మొదలైన సేంద్రియ పదార్థంలో ఇమిడి ఉంటుంది. సూక్ష్మజీవులు దానిని విడగొట్టగా అమ్మోనియం వెలువడుతుంది. మెట్టనేలలో అది త్వరలోనే నైట్రేట్‌గా మారుతుంది. ఆ మార్పుకు ప్రాణవాయువు అవసరం. అది లేని బురదలో అమ్మోనియం అమ్మోనియంగానే నిలుస్తుంది. ధనావేశం గల ఈ కణాన్ని రుణావేశం గల బంకమట్టి పట్టి ఉంచుతుంది. వరి దానిని సులభంగా గ్రహిస్తుంది. ఎరువు వేసిన మడిలో సైతం పైరు తీసుకొనే నత్రజనిలో సగమో, అంతకు మించో నేల ఇచ్చినదే. మడినీటిలోని నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చుతుందని భారతీయ శాస్త్రజ్ఞుడు పి. కె. డే 1939లో నిరూపించారు.

నిలిచిన నీటిపై యూరియా చల్లినప్పుడు నష్టం రెండు దారుల జరుగుతుంది. పగటి ఎండలో నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనగా నీటికి క్షారగుణం పెరుగుతుంది; యూరియానుండి వచ్చిన అమ్మోనియా ఆవిరై గాలిలో కలుస్తుంది. మిగిలిన అమ్మోనియంలో కొంత పైపొరలో నైట్రేట్‌గా మారి, నీటితోపాటు అడుగు బురదలోకి దిగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు ప్రాణవాయువుకు బదులు నైట్రేట్‌ను వాడుకొని దానిని తిరిగి నత్రజని వాయువుగా విడుదల చేస్తాయి. వరిమడికి నైట్రేట్ ఎరువులు తగవనడానికి కారణమిదే.

యూరియాలో 46 శాతం నత్రజని. 45 కిలోల బస్తాలో అది సుమారు 20 కిలోలు. పైపైన చల్లితే పైరుకు దక్కేది సాధారణంగా 30 నుండి 40 శాతం, అనగా ఆరు నుండి ఎనిమిది కిలోలు మాత్రమే. తక్కినదానిలో కొంత నేలలో నిలిచినా, ఎక్కువ భాగం రైతు సొమ్ముతోపాటు గాలిలోనో నీటిలోనో కలిసిపోతుంది.

నివారణ కష్టం కాదు. మొదటి మోతాదును ఆఖరి దమ్ములో కలిపి బురద అడుగుకు చేర్చాలి. పైపాటు ఎరువు వేసేముందు మడిలోని నీరు తీసివేసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజుల తరువాత తిరిగి నీరు పెట్టాలి. మొత్తం ఎరువును ఒకేసారి వేయక, నాటుకు ముందు, పిలకల దశలో, అంకురం తొడిగే దశలో పంచాలి. అమ్మోనియం నైట్రేట్‌గా మారడాన్ని వేప నెమ్మదింపజేస్తుంది. దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపపూత 2015లో తప్పనిసరి అయినది. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్టను కలియదున్నితే నేల సొంత నిల్వ పెరుగుతుంది.

బస్తాల లెక్క ఒక్కటే పంటను నిర్ణయించదు. గింజ బరువుగా మారేది వేరుకు అందిన నత్రజని మాత్రమే. అది అందడం ఎరువును ఏ పొరలో, ఏ సమయంలో ఉంచారనే దానిపై ఆధారపడి ఉన్నది.