ఒక్క ‘లు’



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. గుణింతాలు నేర్చుకున్నారు. ఈ రోజు ఒక్క చిన్న అక్షరం సంగతి చెప్పుకుందాం. అది ‘లు’.

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క కూతురి కాన్పు ఖర్చుకని తన బంగారు గాజులు రెండూ తాకట్టు పెట్టింది. వడ్డీకిచ్చే ఆయన చీటీ రాసిచ్చాడు. అక్క దాన్ని కొంగున ముడేసుకోబోయి ఆగింది. మడత విప్పి కూడబలుక్కుంటూ చదివింది. “బం-గా-రు గా-జు.” మళ్ళీ చదివింది. గాజు అనే ఉంది. గాజులు అని లేదు.

“అయ్యా, నేనిచ్చింది గాజులు. నువ్వు రాసింది గాజు. ‘లు’ ఏది?” అని అడిగింది.

“తొందరలో పడిపోయింది లేమ్మా” అన్నాడాయన. పొరపాటే కావచ్చు. కానీ చదవకుండా వచ్చేస్తే, విడిపించుకునే నాడు ఆమె చేతికి ఒక్క గాజే వచ్చేదేమో! అక్క అక్కడే నిలబడి “గాజులు 2, అక్షరాల రెండు” అని రాయించుకుంది. తూకం కూడా వేయించి రాయించింది. మీరూ అంతే చేయండి. అంకెను దిద్దడం సులువు. అక్షరాలను దిద్దడం కష్టం.

ఒకటి ఉంటే ఏకవచనం. ఒకటికి మించి ఉంటే బహువచనం. పేర్లే పెద్దవి, పని చిన్నదే. మేక - మేకలు. గంప - గంపలు. చీర - చీరలు. చివర ‘లు’ చేరింది, అంతే.

కొన్ని మాటలు కొంచెం మారతాయి. పొలం - పొలాలు. సంతకం - సంతకాలు. సున్న పోయింది, దీర్ఘం వచ్చింది. గది - గదులు. పని - పనులు. గుడి పోయింది, కొమ్ము వచ్చింది. మరికొన్ని బాగా మారతాయి. ఇల్లు - ఇళ్ళు. కన్ను - కళ్ళు. రాయి - రాళ్ళు. కూతురు - కూతుళ్ళు. చెయ్యి - చేతులు. ఇవి మీకు నేను నేర్పాలా? మాటలు వచ్చిన నాటి నుంచీ అంటూనే ఉన్నారు. నోటికి వచ్చింది చేతికి రావాలి.

ఒక్క జాగ్రత్త. చివర ‘లు’ ఉన్నదల్లా బహువచనం కాదు. కాలు ఒకటే. కోడలు ఒకతే. ఎక్కువైతే కాళ్ళు, కోడళ్ళు.

మీ పిల్లలకు కూడా ఇది ఇంట్లోనే నేర్పవచ్చు. చిన్నపిల్లలు ఒక్కోసారి “చెయ్యిలు కడుక్కున్నా” అంటారు. ఎగతాళి చేయకండి. కసరకండి. ఎవరూ చెప్పకుండానే ‘లు’ చేర్చాలని వాడు పట్టుకున్నాడు. అది తెలివే. “చేతులు కడుక్కున్నావా? మంచిది” అని మీరు సరిగా అనండి చాలు. వినగా వినగా వాడే దిద్దుకుంటాడు.

బడి ఈడు పిల్లలైతే చింతపిక్కలు తీసుకోండి. గుప్పిట్లో ఒకటి పెట్టి తెరవండి. “చింతపిక్క” అంటారు. ఇంకొకటి వేయండి. “చింతపిక్కలు” అంటారు. గరిటెలతో, గిన్నెలతో కూడా ఆడించండి. ఆ తర్వాతే పలక మీద రాయించండి. నేను కొత్తలో ముందు అర్థం బట్టీ పట్టించేదాన్ని. పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్ళు. రెండు పలకలు చూపించి ఇవేమిటంటే మాత్రం దిక్కులు చూసేవాళ్ళు.

మన వంటింట్లో చూడండి, ఎంత వింతో! చెంబెడు పాలున్నా “పాలు పొంగాయి” అంటాం. గుక్కెడు ఉన్నా అవి నీళ్ళే. నెయ్యి మాత్రం “కరిగింది”. బియ్యంలో ‘లు’ లేనే లేదు. అయినా “బియ్యం అయిపోయాయి” అంటాం.

మొన్న బోర్డు మీద ఇలా రాశాను. “ఆవు వచ్చింది. ఆమె వచ్చింది. అతను వచ్చాడు.” ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ ఊరుకోలేదు. “ఏం టీచరమ్మా, మనల్ని తీసుకుపోయి ఆవు పక్కన కట్టేశారేం?” అంది. అందరూ నవ్వారు. నేను కింద బహువచనం రాశాను. “ఆవులు వచ్చాయి. ఆడవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు వచ్చారు.” పెద్దమ్మ వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. “ఓహో! ఒక్కదాన్ని పోతే ఆవుతో లెక్క. నలుగురం కలిసి పోతే మగవాళ్ళతో లెక్క” అంది. నిజమే, మన తెలుగు అలాగే ఉంది. ఇన్నేళ్ళు చదివిన నాకు ఆ సంగతి తట్టనే లేదు.

ఇప్పుడు మీరు రాయండి. గంట, పుస్తకం, చెల్లెలు, ఊరు, కోడి - వీటికి బహువచనాలు ఏమిటి? రాశాక, ఇంట్లో ఉన్న చీటీ గానీ రసీదు గానీ ఒకటి తీయండి. అందులో బహువచనాల కింద గీత గీయండి. ఎన్ని వస్తువులో అంకె వేసి ఉందా, అక్షరాల్లో రాసి ఉందా చూడండి. లేకపోతే రేపు కేంద్రానికి తీసుకురండి. కలిసి చదువుదాం.