యాక్షన్ అంటే ఫైటింగ్ కాదు: టార్గెట్ రైఫిల్ ఎంచుకునే ముందు కొంచెం ఫిజిక్స్

రాయలసీమ వాళ్ళం కాబట్టి 'యాక్షన్' అనగానే పక్కనే 'ఫ్యాక్షన్' అని కూడా వినపడుతుంది. ఇక్కడ చెప్పబోయే యాక్షన్ అది కాదు, సినిమా ఫైటూ కాదు. రైఫిల్లో గుండుని బారెల్ వెనక కూర్చోబెట్టి, వెనక నుంచి గట్టిగా మూసి, ట్రిగ్గర్ నొక్కగానే దాన్ని ముందుకు తోసే యంత్రభాగం మొత్తానికి యాక్షన్ అని పేరు. బారెల్, భుజానికి ఆనించుకునే స్టాక్, గురి చూసే సైట్లు, ఇవన్నీ దాని చుట్టూ బిగించేవే. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే మదర్‌బోర్డు. తర్వాత ర్యామ్ మార్చుకోవచ్చు, క్యాబినెట్ మార్చుకోవచ్చు, కానీ బోర్డు తప్పుగా ఎంచుకుంటే మిగతావన్నీ దానికి తగ్గట్టే ఏడుస్తాయి.

మనలో చాలామందికి తెలిసిన యాక్షన్ ఒకటుంది. గంగమ్మ జాతరకో, ఎగ్జిబిషన్‌కో పోయినప్పుడు బెలూన్లు కొట్టే అంగడిలో ఇచ్చే ఎయిర్ గన్. బారెల్‌ని మధ్యలో విరిచినట్టు కిందికి వంచితే లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది, చిన్న పెల్లెట్ పెట్టి మళ్ళీ బారెల్ పైకి మూసి కొడతాం. దీన్ని స్ప్రింగ్ పిస్టన్ యాక్షన్ అంటారు. బెలూన్ తప్పితే "సైట్ వంకరగా ఉండాదన్నా" అని అంగడాయన మీద నెపం వేస్తాం కానీ, అసలు దొంగ చాలాసార్లు సైట్ కాదు, ఆ స్ప్రింగే.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టార్గెట్ మధ్య చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకినా 10 ఇస్తారు కాబట్టి, పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపు పడాలి. డెసిమల్ స్కోరింగులో ప్రతి 0.25 మి.మీ.కి ఒక పాయింటులో పదో వంతు పోతుంది. అంటే అత్యధికమైన 10.9 రావాలంటే పావు మిల్లీమీటర్ లోపే ఉండాలి. ఇప్పుడు రైఫిల్ పొడవు మీటరు అనుకోండి. భుజం దగ్గర కదలకుండా, బారెల్ కొస మాత్రం పావు మి.మీ. పక్కకి జరిగితే 10 మీటర్ల దూరంలో దెబ్బ 2.5 మి.మీ. పక్కకి పోతుంది. కొసలో పావు మి.మీ. కదలికకే 10.9 కాస్తా 10.0 అవుతుంది.

ఇప్పుడు స్ప్రింగు సంగతి. లోపల కదిలే పిస్టన్, స్ప్రింగు భాగం కలిపి పావు కేజీ అనుకుందాం. ట్రిగ్గర్ నొక్కగానే అది 8 సెంటీమీటర్లు ముందుకి దూకుతుంది. రైఫిల్ బరువు 4 కేజీలు అనుకుంటే, మొమెంటం కన్సర్వేషన్ ప్రకారం రైఫిల్ సుమారు 5 మి.మీ. వెనక్కి జరగాలి. పిస్టన్ కొసకి తగిలి ఆగగానే రైఫిల్ మళ్ళీ ముందుకి కుదుపుతుంది. ఈ గొడవలో చాలా భాగం పెల్లెట్ ఇంకా బారెల్లో ఉండగానే జరిగిపోతుంది. అదే పెల్లెట్ వల్ల వచ్చే వెనుక కదలిక లెక్కేయండి: 0.53 గ్రాముల పెల్లెట్, 42 సెంటీమీటర్ల బారెల్, అదే 4 కేజీల రైఫిల్. వచ్చేది 0.06 మి.మీ. లోపే. అంటే పెల్లెట్ కంటే దాన్ని తోసే యంత్రమే దాదాపు తొంభై రెట్లు ఎక్కువ అల్లరి చేస్తోంది. ఎదురుగా జానెడు వెడల్పు బెలూన్ ఉంటే ఇది లెక్కలోకి రాదు. అర మిల్లీమీటర్ చుక్క ఉంటే ఇదే మొత్తం లెక్క.

టార్గెట్ ఎయిర్ రైఫిల్ చరిత్ర అంతా ఈ పిస్టన్ అల్లరిని ఎలా ఆపాలి అన్న కథే అని నాకనిపిస్తుంది. జర్మనీలో డయానా కంపెనీ రెండు పిస్టన్లు పెట్టింది. ఒకటి ముందుకి దూకుతుంటే ఇంకోటి అదే క్షణంలో వెనక్కి దూకుతుంది, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఫైన్‌వెర్క్‌బౌ వాళ్ళు ఇంకో దారి పట్టారు: కదిలితే కదలనీ, కానీ షూటర్ భుజానికి తెలియకుండా కదలనీ అని యాక్షన్ మొత్తాన్ని స్టాక్ లోపల చిన్న పట్టాల మీద జారేలా పెట్టారు. వాళ్ళ 300 ఎస్ మోడల్ ఇప్పటికీ పాత షూటర్ల నోట్లో దేవుడి పేరులాగా వినపడుతుంది. ఒకటి బగ్‌ని ఫిక్స్ చేయడం, ఇంకోటి ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేయడం. రెండో పద్ధతే ఎక్కువ పేరు తెచ్చుకుంది, అది కొంచెం ఆలోచించదగ్గ విషయం.

తర్వాత స్ప్రింగుని వదిలేసి గాలి పట్టుకున్నారు. 1970ల నుంచి సింగిల్ స్ట్రోక్ రకం వచ్చింది. పక్కన ఉన్న లివర్ ఒక్కసారి లాగితే గాలి నొక్కుకుని నిలబడుతుంది, ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ తెరుచుకుంటుంది. బరువైన పిస్టన్ ఏదీ షాట్ సమయంలో దూకదు. సమస్య ఒక్కటే, 60 షాట్ల మ్యాచ్ అంటే 60 సార్లు లివర్ లాగాలి, మధ్యలో ప్రాక్టీస్ షాట్లు అదనం. పొజిషన్ చెదరకుండా అన్నిసార్లు లాగడం చిన్న పిల్లలకి కష్టమే.

కొన్నాళ్ళు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లతో కూడా నడిచింది. ఇది మన తిరుపతిలో ఎందుకు కుదరదో చెబితే మీకు నచ్చుతుంది. సిలిండర్లో ద్రవరూపంలో ఉన్న ఆ గ్యాస్ పీడనం ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్, 30 డిగ్రీల దగ్గర సుమారు 72 బార్. 31 డిగ్రీలు దాటితే అది ద్రవమూ కాదు వాయువూ కాదు, క్రిటికల్ పాయింట్ దాటేస్తుంది. జర్మనీలో ఏసీ హాల్లో సరే. మే నెలలో మన ఊర్లో 40 దాటిన రోజు, పొద్దున ఏడింటికి ఒక వేగం, పదకొండింటికి ఇంకో వేగం. గురి ఎంత బాగున్నా దెబ్బ పైకి కిందికి ఆడుతుంది.

1990ల నుంచి అందరూ చేరిన చోటు పీసీపీ, అంటే ముందే నొక్కి నింపిన గాలి. సిలిండర్లో సుమారు 200 బార్ దాకా మామూలు గాలే నింపుతారు. దాన్నుంచి రెగ్యులేటర్ అనే చిన్న భాగం ప్రతిసారీ ఒకే తక్కువ పీడనానికి దింపి ఒక గదిలో ఉంచుతుంది. ట్రిగ్గర్ నొక్కితే చిన్న సుత్తి వాల్వ్‌ని కొడుతుంది, గాలి పెల్లెట్‌ని తోస్తుంది. సిలిండర్ నిండుగా ఉన్నా సగమైనా వేగం దాదాపు అదే, సుమారు 170 నుంచి 175 మీటర్లు సెకనుకి. బీజింగ్ 2008లో అభినవ్ బింద్రా గోల్డ్, లండన్ 2012లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ బ్రాంజ్, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ గోల్డ్, అన్నీ ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆటలోవే.

ఇక్కడ ఒక పదం నేర్చుకోవాలి: లాక్ టైమ్. ట్రిగ్గర్ జారిన క్షణం నుంచి వాల్వ్ తెరుచుకునే దాకా, లేదా బుల్లెట్ రైఫిల్లో అయితే పిన్ను తగిలే దాకా పట్టే సమయం. అంతా మిల్లీసెకన్లలో ఉంటుంది. మనకి అలవాటైన లేటెన్సీ లాంటిదే. మనిషి చెయ్యి ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది కాబట్టి లాక్ టైమ్ ఎంత తక్కువైతే గురి అంత తక్కువ జరుగుతుంది. అయితే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్ళకి తెలుసు, స్థిరంగా ఉన్న పింగ్ కంటే ఎగిరెగిరి పడే పింగ్ ఎక్కువ చంపుతుంది. ఇక్కడా అంతే. యాక్షన్ కొనేటప్పుడు "ఎంత ఫాస్ట్" అనే కంటే "ప్రతిసారీ అంతేనా" అని అడగాలి.

ఇవన్నీ నేను చదవడానికి కారణం మా బాబాయి. చిత్తూరు దగ్గర తోతాపురి తోట ఉంది. వాళ్ళబ్బాయి ఇంటర్ ఫస్టియర్, షూటింగ్ మీద గట్టిగా మనసు పెట్టుకున్నాడు. ఈ సీజన్ కాయ అమ్మిన డబ్బులో ఒక్క రైఫిల్‌కే వీలవుతుంది, తప్పు కొంటే మళ్ళీ ఎప్పుడో తెలీదు. "రేయ్, నువ్వు ఇంజనీరింగే గదా, ఏది కొనాల్నో చూసి చెప్పు నాయనా" అన్నాడు. కంప్యూటర్ సైన్స్ వాడికి ఫ్యాన్ రిపేరు నుంచి తుపాకి దాకా అన్నీ తెలుసని మన ఇళ్ళల్లో నమ్మకం. వాడేమో ఫోన్లో అమెరికా వీడియోలు చూసి, యాక్షన్ ఒకచోట, బారెల్ ఒకచోట కొని మనమే బిల్డ్ చేద్దామన్నా అంటాడు.

ఆ వీడియోల్లో నిజం లేకపోలేదు. అక్కడ 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 అనే బోల్ట్ యాక్షన్ కొలతల్ని పట్టుకుని చాలా కంపెనీలు యాక్షన్లు చేస్తాయి, వాటికి సరిపోయే స్టాకులూ ట్రిగ్గర్లూ విడిగా దొరుకుతాయి. మనం పీసీ అసెంబుల్ చేసినట్టే. కేవలం గురి కోసమే చేసే యాక్షన్లకి కింద మ్యాగజైన్ కోసం రంధ్రం పెట్టరు, ఒక్కో తూటా చేత్తో పెట్టాలి. రంధ్రం లేకపోతే లోహం వంగదు, స్టాక్ మీద సమంగా కూర్చుంటుంది. చిన్నదైన .22 తూటాతో 50 మీటర్లకి కొట్టే ఆటలో అన్షూట్జ్ 54 యాక్షన్ చాలా ఏళ్ళు రాజ్యమేలింది. ఆ 54 అంటే 1954. పారిస్ 2024లో స్వప్నిల్ కుసాలే బ్రాంజ్ తెచ్చింది ఈ .22 ఆటలోనే. మన కాలేజీల్లో ఎన్‌సీసీ వాళ్ళు 25 గజాల్లో కొట్టేదీ .22 రైఫిల్‌తోనే, అదీ బోల్ట్ యాక్షనే. కాబట్టి యాక్షన్‌ని చేత్తో పట్టుకుని చూడాలంటే దగ్గరి దారి ఎన్‌సీసీ.

కానీ మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఉంది. .22 అయినా అది ఫైర్ ఆర్మే, లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదు. యాక్షన్‌కి బారెల్ బిగించి తుపాకి తయారు చేయడానికి వేరే లైసెన్సు కావాలి, అది ఇంట్లో కూర్చుని చేసే పని కానే కాదు. నాటు తుపాకి కేసుల వార్తలు మన జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం. అదే ఎయిర్ రైఫిల్ అయితే, 2016 నిబంధనల ప్రకారం .177 బోర్, 20 జూళ్ళ శక్తి దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఎంతో మీరే వేసి చూడండి: 0.53 గ్రాములు, 175 మీటర్లు, సగం ఎం వీ స్క్వేర్. 8 జూళ్ళ చిల్లర. హద్దుకి చాలా దూరంలో ఉంది. లైసెన్సు లేదు కదా అని మిద్దె మీద నుంచి పావురాల్ని కొట్టడానికి కాదు. పక్షుల్ని కొడితే వన్యప్రాణి చట్టం ఉంది, ఆ 8 జూళ్ళే మనిషి కన్ను పోగొట్టడానికి సరిపోతాయి.

అందుకని బాబాయికి చెప్పింది ఇది: రెగ్యులేటర్ ఉన్న పీసీపీ, .177, బరువు 5.5 కేజీలు దాటనిది. అంతకంటే ఎక్కువ బరువుంటే పోటీలో ఒప్పుకోరు. దిగుమతి రైఫిల్ లక్షల్లో ఉంటుంది. ప్రెసిహోల్ లాంటి మన దేశపు కంపెనీలు కూడా పీసీపీలు చేస్తున్నాయి. సెకండ్ హ్యాండ్ తీసుకునేట్టయితే బారెల్ కంటే ముందు సిలిండర్ మీద అచ్చేసిన తేదీ చూడాలి. చాలా కంపెనీలు సిలిండర్ జీవితం 10 ఏళ్ళని రాస్తాయి. తొమ్మిదో ఏట చవకగా అమ్ముతున్నారంటే ఎందుకో అర్థం చేసుకోవచ్చు.

గాలి ఎక్కడ నింపుతారన్నది కొనకముందే తేల్చుకోవాలి. పంక్చర్ అంగట్లో కంప్రెసర్ పది బార్ దగ్గర ఆగిపోతుంది, మనకి 200 కావాలి. చెన్నైలో అయితే సముద్రంలో మునిగేవాళ్ళ ట్యాంకులు నింపే చోట్లు ఉంటాయి, మనకి ఉన్నది స్వామి పుష్కరిణి. చేతి పంపు ఉంది, కానీ చివరి యాభై బార్ కొట్టేటప్పటికి జిమ్ అక్కర్లేదు. రేంజ్‌లో కంప్రెసర్ ఉంటే అదే మేలు. ఎవరైనా వెల్డింగ్ షాపులోనో ఆస్పత్రిలోనో ఆక్సిజన్ నింపిస్తామంటే మాత్రం వద్దని చెప్పండి. అంత పీడనంలో ఆక్సిజన్‌కి చుక్క నూనె, గ్రీజు తగిలినా అంటుకుంటుంది, సిలిండర్ పేలిపోతుంది. ఎండలో కారు డిక్కీలో నిండు సిలిండర్ వదిలేయడం కూడా మంచిది కాదు.

ఇక బిల్డ్ చేసుకోవాలన్న సరదా ఎక్కడ తీర్చుకోవాలి? స్టాక్ దగ్గర. మ్యాచ్ స్టాకులో బుగ్గ ఆనే ముక్క, భుజం ప్లేటు, పిడి, ముందు చెయ్యి ఆనే చోటు అన్నీ జరుపుకోవచ్చు. ఇది చట్టానికి సంబంధం లేని పని, స్కోరుకి మాత్రం చాలా సంబంధం ఉన్న పని. నిలబడి కొట్టేటప్పుడు ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, కండరం మీద కాదు. కళ్ళు మూసుకుని రైఫిల్ ఎత్తి, బుగ్గ ఆనించి, కళ్ళు తెరిస్తే సైట్ మధ్యలో టార్గెట్ కనపడాలి. మెడ వంచి వెతుక్కోవలసి వస్తే బుగ్గ ముక్క ఎత్తు సరిగా లేదన్నమాట. ఎదిగే వయసు పిల్లలకి ఇది కొన్ని నెలలకోసారి మారుతుంది, కొలతలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి.

డబ్బు కట్టేముందు ఇంకొక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. రెండు చేతులు ముందుకి చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో ఆ సందులోంచి గోడ గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలబడుతుందో అది మీ పెద్ద కన్ను. కుడిచేతి వాటం ఉన్నా పెద్ద కన్ను ఎడమది అయ్యేవాళ్ళు చాలామందే ఉన్నారు. అలాంటివాళ్ళు ఎడమ భుజం నుంచి కొట్టడం మొదటి రోజు నుంచే నేర్చుకోవచ్చు, లేదా ఎడమ కంటికి చిన్న అడ్డు పెట్టుకోవచ్చు. అది కోచ్‌తో తేల్చుకున్నాక, లోడింగ్ లివర్ ఏ పక్క ఉండాలో, పిడి ఏ చేతిది కావాలో అప్పుడు ఆర్డర్ ఇవ్వాలి. కొన్ని మోడళ్ళలో లివర్ రెండు పక్కలకీ మార్చుకోవచ్చు, కొన్నింటిలో కుదరదు. షాపులో ఇది అడిగి రాయించుకోండి.