కుక్కకు కార్జపు తునక: లాభనష్టముల విచారణ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులకు కుక్క విలాసవస్తువు కాదు. చీనీతోటను, వేరుసెనగ కళ్లమును, గొర్రెలదొడ్డిని రాత్రివేళ కాచునది యదియే. అయితే పిలిచినప్పుడు రాని కుక్కవలనను, గొర్రెను కరచు కుక్కవలనను మేలుకంటె కష్టమే యెక్కువ. దానిని కొట్టి నేర్పుటకంటె, చెప్పినట్లు చేసిన తక్షణమే రుచిగల తునక నిచ్చి నేర్పుట శ్రేష్ఠము. అట్టి తునకలలో కార్జమునకు సాటియైనది అరుదు.

ఇప్పుడు పట్టణములలో సంచులతో అమ్మబడు ఎండు కార్జమును ఎండలో ఆరబెట్టరు. దానిని గడ్డకట్టించి, గాలి తీసివేసిన పెట్టెలో నుంచి, అందలి మంచు నీరు గాకయే ఆవిరియై పోవునట్లు చేయుదురు. ఇది తేలికైనది, చేతికి జిడ్డు అంటదు, తడి తగులనిచో నెలల తరబడి నిలువయుండును. ఇవి లాభములు.

ఇక నష్టములు. మొదటిది వెల. కార్జములో నూటికి సుమారు 70 పాళ్లు నీరే గనుక, కిలో పచ్చికార్జము ఎండిన పిమ్మట దాదాపు 300 గ్రాములే మిగులును. రెండవది, ఈ పద్ధతివలన సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులన్నియు చావవు. మూడవది, కార్జములో ఎ విటమిను మిక్కుటము. చాలకాలము అతిగా పెట్టినచో కుక్క యెముకలు చెడి, మెడ బిగిసికొనును. కావున ఇట్టి తునకలు దినాహారములో పదవ పాలు మించరాదు.

మన పల్లెలలో సంచి కార్జమును కొనువారు కొందరే. గొర్రెను కోసినప్పుడు పచ్చికార్జమును, ఊపిరితిత్తులను కుక్కకు వేయుటయే వాడుక. అసలైన కీడు ఇందున్నది. కొన్ని గొర్రెల కార్జములో తెల్లని నీటితిత్తులు కానవచ్చును. అవి ఎకినోకాకస్ అను బద్దెపురుగు పిల్లలకు నిలయములు. వానిని తిన్న కుక్క ప్రేవులలో పురుగులు పెరిగి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు కుక్క మలముతో గడ్డిమీదను, నీటిలోను పడును. దాని వెండ్రుకలకును అంటును. గడ్డి మేసిన గొర్రెకు మరల తిత్తులు పుట్టును. కుక్కను నిమిరి చేతులు కడుగక అన్నము తిన్న బిడ్డకును అట్టి తిత్తి కార్జములోనో ఊపిరితిత్తిలోనో పుట్టి, ఏండ్ల తరబడి పెరుగును. తుదకు శస్త్రచికిత్స కావలసివచ్చును.

“తాతలనాటినుండి పెట్టుచున్నాము, మా కుక్కకేమియు కాలేదే” అని కొందరందురు. నిజమే, ఈ పురుగు కొన్ని మిల్లీమీటర్ల పొడవే గనుక కంటికి ఆనదు, కుక్కకును సాధారణముగా బాధ కలుగదు. కుక్క ఆరోగ్యమును చూచి ఇంటి క్షేమము నెంచరాదు.

ఐస్‌లాండు ప్రజలను ఈ రోగము మిక్కిలి పీడించుచుండెను. 1863లో క్రాబ్బె అను పశువైద్యుడు అచటికి పోయి పరిశోధించెను. పిమ్మట ప్రజలకు చిన్న పుస్తకములు పంచి, పచ్చి అవయవములు కుక్కలకు వేయుట మాన్పించి, కాలక్రమమున రోగమును తుడిచివేసిరి. న్యూజిలాండులో దీనిని తాత్కాలికముగా నిర్మూలించినట్లు 2002లో ప్రకటించిరి.

మనము చేయవలసినవి యివి:

1. తిత్తులున్న కార్జమును కుక్కకు వేయక కాల్చవలెను, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతున పూడ్చవలెను.

2. మంచి కార్జమునైనను నీరు మరుగనారంభించిన పిమ్మట 30 నిమిషములు ఉడికించి, ఉప్పు, ఉల్లి చేర్చక, సెనగగింజంత తునకలు కోసి వాడవలెను. కార్జము లేనినాడు సంగటి తునకయైనను చాలును.

3. పశువైద్యుడు చెప్పిన మోతాదున కుక్కకు ప్రాజిక్వాంటెల్ మందు వేయించవలెను. ఈ పురుగు గ్రుడ్లు పెట్టుటకు సుమారు ఆరు వారములు పట్టును గనుక, మందు ఎన్నాళ్లకొకసారి వేయవలెనో ఆయననే అడుగుడు.

4. కుక్కను ముట్టిన చేతులు సబ్బుతో కడుగవలెను.

ఇంటిలో ఉడికించిన కార్జము వెలలో సంచి కార్జముకంటెను, క్షేమములో పచ్చికార్జముకంటెను మేలైనది. అయితే ఒక్కరు పాటించి, పొరుగువారు మానినచో ఫలము లేదు. కుక్కకు గట్టు తెలియదు. కావున ప్రతి గ్రామసంఘమును దీనిని సభలో చర్చించి, గొర్రెలు కోయుచోట ఒక గుంటయు, కుక్కలన్నిటికి ఒకే దినమున మందును ఏర్పాటు చేసికొనుట యుక్తము.